సబ్‌ఫోల్డర్లలో కనబడకుండా పోయే ఉత్తరాలు

ఈ-మెయిల్‌కు రూల్స్ (జీమెయిల్‌లో వీటినే ఫిల్టర్లు అంటారు) పెట్టుకుని, వచ్చే ఉత్తరాలు వాటంతట అవే సబ్‌ఫోల్డర్లలో సర్దుకునేలా చేసుకోవడం గురించి ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి నాలుగు ప్రశ్నలు వచ్చాయి. నలుగురి ఇబ్బందికీ మూలం దాదాపు ఒకటే కనుక ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను. పేర్లు వేయవద్దని కోరారు కాబట్టి ఊళ్ల పేర్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మాది పలాసలో జీడిపప్పు వ్యాపారం. మా జీమెయిల్‌కు ఆర్డర్లు, ధరల వాకబులు, లారీ రసీదులు, బ్యాంకు సందేశాలు, జీఎస్టీ సందేశాలు కలిసి రోజుకు వందకు తక్కువ కాకుండా వస్తాయి. మా అబ్బాయి గ్రేడ్ల వారీగా ఫిల్టర్లు పెట్టాడు. సబ్జెక్టులో 240 అని ఉంటే ఒక లేబుల్‌లోకి, 320 అని ఉంటే మరొక లేబుల్‌లోకి, ఆర్డర్ అనే మాట ఉంటే ఇంకొక లేబుల్‌లోకి వెళ్లిపోతాయి. ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపిస్తోందని సంతోషించాం. అయితే దసరాకు ముందు ఒక పాత ఖాతాదారు పంపిన పెద్ద ఆర్డరును పది రోజుల పాటు ఎవరమూ చూడలేదు. వెతికితే అది 320 లేబుల్‌లో దొరికింది. ఫోన్‌లో గంట కూడా మోగలేదు. తప్పు ఎక్కడ జరిగింది? (పలాస, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: ఆ ఉత్తరాన్ని జీమెయిల్ పోగొట్టలేదు, మీరు పెట్టమన్న చోటే పెట్టింది. ఫిల్టర్ తయారుచేసేటప్పుడు మీ అబ్బాయి 'అప్లై ది లేబుల్' అనే గడితో పాటు 'స్కిప్ ది ఇన్‌బాక్స్' అనే గడిలో కూడా టిక్కు పెట్టి ఉంటారు. మొదటిది ఉత్తరానికి ఒక చీటీ అంటిస్తుంది, అంతే. రెండోది ఆ ఉత్తరాన్ని ఇన్‌బాక్స్ నుంచే తీసేస్తుంది. ఫోన్‌లోని జీమెయిల్ యాప్ మామూలుగా ఇన్‌బాక్స్‌లోకి వచ్చినవాటికే గంట మోగిస్తుంది కాబట్టి, ఇన్‌బాక్స్‌ను దాటి లేబుల్‌లోకి వెళ్లిపోయిన ఆర్డరు సంగతి మీకు తెలిసే మార్గం లేకపోయింది. జీమెయిల్‌లో ఉన్నవి నిజానికి ఫోల్డర్లు కావు, లేబుళ్లు. ఒకే ఉత్తరానికి ఎన్ని లేబుళ్లయినా ఉండవచ్చు, లేబుల్ ఉంటూనే అది ఇన్‌బాక్స్‌లోనూ కనిపించవచ్చు. కాబట్టి ఇవాళే చేయవలసిన పని ఏమిటంటే, మనుషులు రాసే ఉత్తరాలకు పెట్టిన ఫిల్టర్లన్నింటిలో 'స్కిప్ ది ఇన్‌బాక్స్' గడిలోని టిక్కు తీసేయడం. లేబుళ్లు అలాగే ఉంటాయి, ఉత్తరాలు మాత్రం మీ కళ్ల ముందు ఉంటాయి.

అయితే దీనికన్నా లోతైన పొరపాటు ఒకటుంది. మీ ఫిల్టర్లు ఉత్తరం ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చూడడం లేదు, అందులో ఏ మాట ఉందో చూస్తున్నాయి. డబ్ల్యు 320 అంటే ఒక పౌను తూకానికి 300 నుంచి 320 దాకా గింజలు వచ్చే గ్రేడు అని మీకూ, మీ ఖాతాదారుకూ తెలుసు. జీమెయిల్‌కు 320 అనేది వట్టి అంకె. అది 320 కిలోలు కావచ్చు, 320వ నంబరు బిల్లు కావచ్చు. పైగా జీమెయిల్ పూర్తి మాటను పోల్చి చూస్తుందే తప్ప మాటలోని ముక్కను పట్టుకోదు కాబట్టి, ఒకరు డబ్ల్యు తర్వాత ఖాళీ వదిలి రాస్తే పట్టుబడే ఉత్తరం, మరొకరు కలిపి రాస్తే పట్టుబడదు. ఇంకొక సంగతి కూడా గమనించండి. పాత ఖాతాదారులు కొత్త ఉత్తరం మొదలుపెట్టకుండా, ఎప్పుడో మీరు పంపిన ధరల ఉత్తరానికే జవాబుగా ఆర్డరు రాస్తుంటారు. సబ్జెక్టు పాతదే ఉండిపోతుంది. అందులో ఆర్డర్ అనే మాట ఉండదు, గ్రేడు అంకె మాత్రం ఉంటుంది. మీ పెద్ద ఆర్డరు ఆర్డర్ల లేబుల్‌లోకి కాక 320లోకి వెళ్లడానికి కారణం ఇదేనని నేను గట్టిగా అనుకుంటున్నాను.

మన తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ ప్రవేశపెట్టినప్పుడు ఈ చిక్కునే విప్పింది. మొదటి మూడు అంకెలు 532 అయితే ఆ కవరు శ్రీకాకుళం వైపు వెళ్తుంది, 535 అయితే విజయనగరం వైపు వెళ్తుంది. సార్టింగు చేసే ఉద్యోగి కవరు విప్పి, లోపల శుభలేఖ ఉందా నోటీసు ఉందా అని చదవడు. చదవాల్సి వస్తే సంచి ఎన్నటికీ ఖాళీ కాదు, పైగా చదివిన ప్రతివాడూ ఒక్కో రకంగా అర్థం చేసుకుంటాడు. మీ ఫిల్టర్ కూడా కవరు మీద ఉన్నదాన్ని, అంటే పంపినవారి చిరునామాను, చూసి పనిచేసేలా ఉండాలి. లోపలి మాటలను బట్టి నిర్ణయించే పని మీకూ, మీ గుమస్తాకూ వదిలిపెట్టాలి.

ఇక చేసే పద్ధతి. ఫిల్టర్లు ఫోన్ యాప్‌లో తయారు కావు, కంప్యూటర్‌లో బ్రౌజర్ ద్వారా జీమెయిల్ తెరవాలి. పైన వెతికే గడికి కుడి చివర ఉన్న గుర్తు నొక్కితే ఒక చిన్న పట్టిక తెరుచుకుంటుంది. అందులో 'ఫ్రమ్' అనే చోట పంపినవారి చిరునామా రాసి, 'క్రియేట్ ఫిల్టర్' నొక్కి, లేబుల్ ఎంచుకోవాలి. ఒకే సంస్థలో నలుగురు రాస్తుంటే, చిరునామాలో 'ఎట్' గుర్తు తర్వాత ఉండే భాగం ఒక్కటే రాస్తే నలుగురూ అందులోకి వస్తారు. పాత ఉత్తరాలకు కూడా లేబుల్ పడాలంటే, సరిపోలే పాత సంభాషణలకు ఫిల్టర్‌ను వర్తింపజేసే గడిలో టిక్కు పెట్టాలి. 'ఖాతాదార్లు' అనే లేబుల్ ఒకటి చేసి, దాని కింద ఒక్కొక్క పెద్ద ఖాతాదారుకూ ఉపలేబుల్ పెట్టుకోండి. గ్రేడు ప్రకారం ఎప్పుడైనా చూడాలనుకుంటే వెతికే గడి ఉంది, దానికి లేబుల్ అక్కర్లేదు.

ఇన్‌బాక్స్‌ను తప్పించి పంపదగినవి యంత్రం పంపేవి, అందులోనూ ఎవరూ మీ జవాబు కోసం ఎదురుచూడనివి: ప్రకటనలు, వార్తాలేఖలు, లారీ సంస్థల కంప్యూటర్లు పంపే రవాణా సందేశాలు. జీఎస్టీ సందేశాలను మాత్రం ఇందులో కలపవద్దు. నెలనెలా రిటర్ను వేసేవారికి జీఎస్టీఆర్-1 గడువు తర్వాతి నెల 11, జీఎస్టీఆర్-3బి గడువు 20 కాబట్టి వాటికి లేబుల్ వేసి ఇన్‌బాక్స్‌లోనే ఉంచండి. ఓటీపీలు కూడా అంతే.

బ్యాంకు సందేశాల విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పక తప్పదు. బ్యాంకులన్నీ తమ వెబ్ చిరునామాలను 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' కిందికి 2025 అక్టోబరు 31 లోగా మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆదేశించింది. మీ బ్యాంకు ఈ-మెయిల్ చిరునామా కూడా దానితో పాటు మారి ఉంటే, పాత చిరునామాతో రాసిన ఫిల్టర్ ఏ చప్పుడూ లేకుండా పనిచేయడం మానేస్తుంది. ఒకసారి సరిచూసుకోండి. రెండోది, బ్యాంకు ఫిల్టర్‌ను పంపినవారి పేరు మీద రాయకండి, పూర్తి చిరునామా మీద రాయండి. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. బ్యాంకు పేరు పెట్టుకుని మోసగాడు పంపిన ఉత్తరం మీ 'బ్యాంకు' లేబుల్‌లో చేరిందంటే, ఇన్‌బాక్స్‌లో ఉంటే అనుమానించేవారు కూడా అక్కడ దాన్ని నమ్ముతారు.

వ్యాపారస్తులు కనుక ఇంకొక మాట. ఖాతా పాస్‌వర్డు దొంగిలించినవారు మొదట చేసే పనుల్లో ఒకటి, యజమానికి తెలియకుండా ఒక రూల్ పెట్టడం. చెల్లింపు, ఇన్‌వాయిస్ వంటి మాటలున్న ఉత్తరాలను ఎవరూ తెరవని ఫోల్డర్‌లోకి మళ్లించి, మీ ఖాతాదారుకు మీ పేరుతో వేరే బ్యాంకు ఖాతా నంబరు పంపుతారు. సెట్టింగ్స్‌లోని ఫిల్టర్ల జాబితానూ, పక్కనే ఉన్న ఫార్వర్డింగ్ పేజీనీ నెలకొకసారి తెరిచి, మీరు పెట్టనిది ఏదైనా అక్కడ ఉందేమో చూడండి.

ప్రశ్న: విజయనగరంలో ఒక ఆడిటరు గారి కార్యాలయంలో పనిచేస్తున్నాను. మాకు మైక్రోసాఫ్ట్ 365 ఖాతా ఉంది, కంప్యూటర్‌లో ఔట్‌లుక్ వాడతాం. సుమారు అరవై మంది క్లయింట్లకు అరవై సబ్‌ఫోల్డర్లు, అరవై రూల్స్ పెట్టాను. కొన్ని ఉత్తరాలు రెండు ఫోల్డర్లలో కనిపిస్తున్నాయి. కొన్ని రూల్స్ నా కంప్యూటర్ ఆపి ఉన్న రోజున పనిచేయడం లేదు. ఆడిటరు గారు ఏదైనా ఉత్తరం అడిగితే ఏ ఫోల్డర్ తెరవాలో తెలియక కంగారు పడుతున్నాను. (విజయనగరం)

జవాబు: అమ్మా, రెండు చోట్ల కనిపించే ఉత్తరాల సంగతి ముందు చూద్దాం. ఔట్‌లుక్‌లో రూల్స్ పైనుంచి కిందికి వరుసగా నడుస్తాయి. ఒక ఉత్తరానికి మొదటి రూల్ సరిపోయినా ఔట్‌లుక్ అక్కడ ఆగదు, మిగతా రూల్స్ కూడా చూస్తుంది. ఒకే వ్యక్తి రెండు సంస్థల తరఫున మీకు రాస్తుంటే, లేదా ఒక క్లయింటు రాసిన దానిలో మరొక క్లయింటు పేరు ఉంటే, రెండు రూల్స్ సరిపోయి రెండు ప్రతులు తయారవుతాయి. ప్రతి రూల్ చివర 'స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్' అనే గడిలో టిక్కు పెట్టి, బాగా ప్రత్యేకమైన రూల్స్‌ను పైకీ, విస్తారమైనవాటిని కిందికీ జరపండి. వరుస మార్చడానికి రూల్స్ జాబితాలోనే బాణం గుర్తులు ఉంటాయి.

కంప్యూటర్ ఆపితే పనిచేయని రూల్స్ పక్కన, అవి ఈ కంప్యూటర్‌కే పరిమితమని రాసి ఉంటుంది. ఉత్తరం రాగానే చప్పుడు చేయమనో, ప్రింటు తీయమనో, కంప్యూటర్‌లో దాచిన పీఎస్‌టీ ఫైలులోకి జరపమనో మీరు చెప్పినప్పుడు ఆ రూల్‌ను సర్వర్, అంటే మీ ఉత్తరాలను ఉంచే మైక్రోసాఫ్ట్ కంప్యూటర్, నడపలేదు. ఆ పనులను రూల్ నుంచి తొలగించి, ఖాతాలో ఉన్న ఫోల్డర్‌లోకి జరపడం మాత్రమే ఉంచితే, కార్యాలయం మూసి ఉన్నా సర్వరే సర్దుతుంది. ఎప్పుడైనా ఒక సబ్‌ఫోల్డర్‌ను తొలగిస్తే దాని రూల్ కూడా తొలగించడం మరవకండి, లేకపోతే ఆ రూల్ తప్పు చూపిస్తూ పనికిరాకుండా పడి ఉంటుంది. ఒకే ఫోల్డర్‌లోకి వెళ్లవలసిన చిరునామాలన్నింటినీ ఒకే రూల్‌లో చేర్చుకోవచ్చు. మీలాంటి ఖాతాల్లో రూల్స్ అన్నింటికీ కలిపి 256 కేబీ పరిమితి ఉంది కనుక పొదుపు మంచిదే.

అయినా మీ కంగారుకు అసలు కారణం ఇవేవీ కావని నా అభిప్రాయం. క్లయింటు వారీగా సబ్‌ఫోల్డర్లు ఉండడం మీ వృత్తికి తగిన పద్ధతే, రెండేళ్ల తర్వాత వెతికేటప్పుడు మీరు క్లయింటు పేరుతోనే వెతుకుతారు. కాని మీ కార్యాలయంలో కాగితం ఫైలును బీరువాలో ఎప్పుడు పెడతారో గుర్తు చేసుకోండి. రిటర్ను వేసి, సంతకాలయ్యాక పెడతారు. కవరు అందుకున్న మరుక్షణం, విప్పకుండానే బీరువాలో పెట్టి తాళం వేయరు. మీ రూల్స్ ఆ పనే చేస్తున్నాయి.

కాబట్టి ఉత్తరాన్ని జరిపే రూల్ బదులు, వచ్చినప్పుడు దానికి ఒక రంగు కేటగిరీ అంటించే రూల్ పెట్టండి. ఆదాయపు పన్నుకు ఒక రంగు, జీఎస్టీకి ఒకటి, ఆడిట్‌కు ఒకటి చాలు. ఉత్తరం ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. పని ముగిశాక ఔట్‌లుక్‌లోని క్విక్ స్టెప్స్ ద్వారా ఒక్క నొక్కుతో ఆ క్లయింటు సబ్‌ఫోల్డర్‌లోకి పంపండి. అప్పుడు ఇన్‌బాక్స్‌లో ఉన్నదంతా చేయవలసిన పని, సబ్‌ఫోల్డర్లలో ఉన్నదంతా చేసిన పని అవుతుంది, ఆడిటరు గారు అడిగినప్పుడు తడుముకోనక్కర్లేదు. రాగానే జరిపే రూల్ ఒక్కటి మాత్రం నేను సిఫారసు చేస్తాను. మీ చిరునామా 'టూ' గడిలో కాక 'సీసీ' గడిలో ఉన్న ఉత్తరాలను 'తెలియడం కోసం' అనే సబ్‌ఫోల్డర్‌లోకి పంపి, రోజుకు ఒకసారి సాయంత్రం చదవండి. ఆడిటరు గారి ఉత్తరాలను మాత్రం ఆ రూల్‌లో మినహాయింపుగా చేర్చండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో కంప్యూటర్‌లో థండర్‌బర్డ్ అనే ఈ-మెయిల్ ప్రోగ్రాం పెట్టుకుని, పెన్షన్, కరెంటు బిల్లు, బ్యాంకు ఉత్తరాలకు ఫిల్టర్లు పెట్టాను. అక్కడ చక్కగా సర్దుకుంటున్నాయి. ఫోన్‌లో మాత్రం అన్నీ కలగాపులగంగా ఇన్‌బాక్స్‌లోనే ఉంటున్నాయి. ఎందుకు? (బొబ్బిలి, విజయనగరం జిల్లా)

జవాబు: మాస్టారూ, థండర్‌బర్డ్ ఫిల్టర్లు మీ కంప్యూటర్‌లో ఉంటాయి, సర్వర్‌లో ఉండవు. కంప్యూటర్ వేసి థండర్‌బర్డ్ తెరిచినప్పుడే అవి పనిచేస్తాయి. అంతవరకూ ఫోన్‌కు కనిపించేది సర్దని ఇన్‌బాక్సే. ఖాతాను ఐమ్యాప్ పద్ధతిలో (ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండే పద్ధతి) పెట్టుకుని ఉంటే, థండర్‌బర్డ్ సర్దిన తర్వాత ఆ మార్పు ఫోన్‌లోనూ కనిపిస్తుంది. పాప్ పద్ధతిలో (ఉత్తరాలను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి) పెట్టుకుని ఉంటే అది కూడా కనిపించదు, ఎందుకంటే అప్పుడు సబ్‌ఫోల్డర్లు మీ కంప్యూటర్‌లో మాత్రమే ఉంటాయి.

సరైన మార్గం, మీ ఈ-మెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి, అక్కడి సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు పెట్టుకోవడం. అవి సర్వర్‌లో నడుస్తాయి. చాలా సర్వర్లు ఇందుకు 'సీవ్' అనే చిన్న భాషను వాడతాయి. సీవ్ అంటే జల్లెడ. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని ప్రమాణం 2008 జనవరిలో వెలువడింది. దానిలో నాకు నచ్చే నియమం ఒకటుంది: ఏ రూల్‌కూ సరిపోని ఉత్తరం ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోవాలి. అనుమానం వస్తే మనిషికి చూపించమని ఆ భాషే చెబుతోందన్నమాట. సర్వర్‌లో ఫిల్టర్ పెట్టే ముందు కంప్యూటర్‌ను ఐమ్యాప్‌కు మార్చుకోండి, పాప్ పద్ధతి సాధారణంగా ఇన్‌బాక్స్‌ను తప్ప సబ్‌ఫోల్డర్లను చూడలేదు.

ప్రశ్న: మా గ్రంథాలయ మిత్రులం కలిసి కథల పోటీ నిర్వహిస్తున్నాం. కథలు జీమెయిల్‌కు పంపమన్నాం. సబ్జెక్టులో 'కథల పోటీ' అని ఉన్నవాటికి ఫిల్టర్ పెట్టాం. సగం కథలు లేబుల్‌లోకి రావడం లేదు. తెలుగు మాటలతో ఫిల్టర్ పనిచేయదా? (శ్రీకాకుళం)

జవాబు: పనిచేస్తుంది, కాని తెలుగు మాట ఒక్క రూపంలో నిలబడదు. ఒకరు 'కథల పోటీకి' అంటారు, ఒకరు 'కథలపోటీ' అని కలిపి రాస్తారు, మరొకరు 'పోటీకోసం కథ' అంటారు, ఇంకొకరు 'కధ' అని రాస్తారు. చదివే మనకు అన్నీ ఒకటే. పూర్తి మాటను పోల్చే ఫిల్టర్‌కు అవి నాలుగు వేర్వేరు మాటలు. విభక్తి చేరినా, సంధి జరిగినా, ఖాళీ చెరిగినా మాట మారిపోయే భాష మనది. దాని అందమూ అందులోనే ఉంది. ఎన్ని రూపాలు ఊహించి రాసినా ఏదో ఒకటి తప్పిపోతుంది, తప్పిపోయింది ఎవరో రాత్రుళ్లు కూర్చుని రాసిన కథ అవుతుంది. రచయిత రాసిన సబ్జెక్టును దిద్దమనడం కూడా న్యాయం కాదు.

అందువల్ల సబ్జెక్టును వదిలేసి చిరునామాను పట్టుకోండి. జీమెయిల్‌లో మీ చిరునామాకు 'ఎట్' గుర్తుకు ముందు ప్లస్ గుర్తు పెట్టి, ఇంగ్లీషు అక్షరాల్లో కథ అనే మాట చేర్చండి. ఆ చిరునామాకు వచ్చిన ఉత్తరం కూడా మీ పెట్టెలోకే వస్తుంది, కొత్త ఖాతా తెరవనక్కర్లేదు. మిగిలిన ప్రకటనల్లో ఆ చిరునామానే అచ్చువేయించి, ఫిల్టర్‌లో 'టూ' అనే గడిలో దాన్ని రాయండి. అప్పుడు సబ్జెక్టు ఏదైనా, ఖాళీగా ఉన్నా, కథ లేబుల్‌లోకి చేరుతుంది. ప్లస్ గుర్తు వదిలేసి పాత చిరునామాకు పంపినవారి కథలు సాధారణంగా ఇన్‌బాక్స్‌లో ఉంటాయి.

ఇంతవరకూ వచ్చినవాటి కోసం, ప్రకటన వెలువడిన తేదీ నుంచి ఫైలు జతచేసి ఉన్న ఉత్తరాలన్నింటినీ వెతికే గడిలో ఒకసారి వెతికి, చేత్తోనే లేబుల్ వేయండి. ఒక పూట పని. కొత్త ఫిల్టర్‌లో 'నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్' గడిలో టిక్కు పెట్టండి, ఎందుకంటే ముక్కూ మొహం తెలియని చిరునామాల నుంచి ఫైళ్లు జతచేసి వచ్చే ఉత్తరాలను స్పామ్‌గా భావించే అవకాశం ఎక్కువ. చేతిరాత కథలను ఫొటోలు తీసి పంపేవారికి, ఒక ఉత్తరం 25 ఎంబీకి మించితే జీమెయిల్ నుంచి నేరుగా జతచేయడం కుదరదని ప్రకటనలోనే చెప్పండి.

అచ్చుకు ఇచ్చే ముందు వేరొకరి ఫోన్ నుంచి, సబ్జెక్టు లేకుండా, ఒక ఫైలు జతచేసి కొత్త చిరునామాకు పంపించి, అది లేబుల్‌లో పడిందో లేదో చూడండి. పాత చిరునామాకు పంపినవారి కథలు స్పామ్‌లో చిక్కుకుని ఉండవచ్చు కనుక, పోటీ గడువు ముగిసేదాకా వారానికొకసారి ఆ ఫోల్డర్ కూడా తెరవండి. అక్కడ 30 రోజులు దాటినవాటిని జీమెయిల్ తనంతట తానే చెరిపేస్తుంది.